ఊరు కదల్లేదు, అడ్రసు మారింది

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆలూరు, ఆదోని తాలూకాలు బళ్లారి జిల్లాను వదిలి ఇటు వచ్చాయి. ఆలూరులో ఏ ఇల్లూ కదల్లేదు, ఏ వీధీ కదల్లేదు. ఉత్తరం మీద రాసే జిల్లా పేరు, రాష్ట్రం పేరు మాత్రం మారాయి. 'గుడి పక్క ఇల్లు' అని చెప్పుకునే ఊరివాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా బయటి నుంచి ఉత్తరం రాసేవాళ్లకే.

వెబ్‌లో లింకులు కూడా ఈ రెండు రకాలే. 'గుడి పక్క ఇల్లు' లాంటిది సాపేక్ష లింకు. సైటు లోపల ఉన్నంతసేపు దానితో హాయిగా తిరగొచ్చు. రాష్ట్రం, జిల్లా, ఊరు అన్నీ రాసినది పూర్తి లింకు, ప్రోగ్రామర్ల మాటలో అబ్సల్యూట్ లింకు. ముందు హెచ్‌టీటీపీఎస్, కోలన్, రెండు ఏటవాలు గీతలు, తర్వాత సైటు పేరు, ఆపైన పేజీకి దారి. జెనీవా దగ్గర సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్-లీ రూపొందించిన ఈ వరసను 1994 డిసెంబరులో నియమపత్రంగా ప్రకటించారు. సాపేక్ష లింకుల నియమాలు 1995 జూన్‌లో వచ్చాయి. ఆ రెండు గీతలు నిజానికి అక్కర్లేదని బెర్నర్స్-లీయే తర్వాత ఒప్పుకున్నారు.

ఆదోని మార్కెట్ యార్డు పత్తి ధరలు చూపే సైటు ఒకటి కట్టామనుకోండి. ఎమ్మిగనూరు రైతు ఫోనుకు ఎస్సెమ్మెస్ పంపాలి. అందులో 'పక్క పేజీ చూడండి' అంటే కుదరదు, ఎస్సెమ్మెస్‌కు పక్క పేజీ ఉండదు. గడప దాటే ప్రతి లింకుకూ పూర్తి అడ్రసు కావాల్సిందే.

మరి సైటు పేరు ప్రోగ్రాముకు ఎలా తెలియాలి? ప్రతి పేజీలో చేత్తో రాస్తే, సైటు పేరు మారిననాడు 1953 నాటి అవస్థే. ఇంకో పొరపాటూ తరచు జరుగుతుంది. తయారీ సమయంలో ప్రోగ్రాము కట్టేవాడి కంప్యూటర్‌లోనే నడుస్తుంది. అక్కడ సైటు పేరు 'లోకల్‌హోస్ట్', అంటే 'ఈ యంత్రమే'. ఆ పేరుతోనే లింకు బయటికి వెళ్లిందా, రైతు నొక్కగానే ఫోను ధరల కోసం తనలోనే వెతుక్కుంటుంది. ఏమీ దొరకదు.

అందుకే సైట్లు కట్టడానికి వాడే జాంగో, రైల్స్ లాంటి పరికరాలు లింకును అప్పటికప్పుడు కట్టిస్తాయి. రైల్స్‌లో దారి మాత్రమే ఇచ్చే పనిముట్టు వేరు, పూర్తి అడ్రసు ఇచ్చేది వేరు. జాంగోలో పూర్తి అడ్రసు కట్టే పనిముట్టు, వచ్చిన బ్రౌజరు 'నేను ఫలానా సైటు కోసం వచ్చాను' అని చెప్పిన పేరునే తీసుకుంటుంది. నాకు అన్నిటికన్నా భయం ఇక్కడే. ఆ పేరు అబద్ధం కావచ్చు. దొంగ ఒకడు తన సైటు పేరు చెప్పి, మీ ఖాతాకు కొత్త పాస్‌వర్డు కావాలని అడుగుతాడు. ప్రోగ్రాము ఆ పేరు నమ్మితే, మీకొచ్చే మెయిల్లోని లింకు దొంగ ఇంటికే దారి చూపుతుంది. మీరు నొక్కితే ఆ లింకులోని రహస్య సంకేతం వాడి చేతికి చిక్కుతుంది. దీన్ని ఆపడానికే 2013లో వచ్చిన జాంగో 1.5లో, ఒప్పుకోదగ్గ పేర్ల పట్టిక ఒకటి సెట్టింగుల్లో తప్పనిసరి చేశారు.

సైటు నడిపేవాళ్లు ఈ వారమే రెండు పనులు చేయండి. మీ సైటు పూర్తి పేరు సెట్టింగుల్లో ఒక్కచోటే ఉందో లేదో చూడండి. తర్వాత మీకు మీరే ఒక మెయిలు పంపుకుని, అందులోని లింకును వేరే ఫోనులో నొక్కి చూడండి.