మిశ్రమలోహాల కూర్పు – అరుగుదల నిరోధకత

ప్రధాన లోహం ఒకటి ఉండగా, దానికి ఇతర మూలకాలను కొద్ది పాళ్ళలో చేర్చడం మిశ్రమలోహాల తయారీలో అనాదిగా వస్తున్న పద్ధతి. ఉక్కుకు ఇనుము, ఇత్తడికి రాగి అటువంటి ప్రధాన లోహాలు. ఇందుకు భిన్నంగా, అయిదు లేదా అంతకు మించిన మూలకాలను ఒక్కొక్కటి 5 నుండి 35 పరమాణు శాతం ఉండేటట్లు కలిపినవాటిని అధిక ఎంట్రోపీ మిశ్రమలోహాలు అంటారు. తైవాన్‌లో జియెన్ వెయ్ యే, ఇంగ్లండులో బ్రయన్ క్యాంటర్ నడిపిన బృందాలు 2004లో వీటిని వేర్వేరుగా ప్రకటించాయి. అంతకు ముందటి ఏడే బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు ఎస్. రంగనాథన్ బహులోహ మిశ్రమాల ప్రాముఖ్యాన్ని ఒక వ్యాసంలో వివరించారు.

పరమాణువుల అమరికలోని క్రమరాహిత్యానికి కొలమానం విన్యాస ఎంట్రోపీ. అయిదు మూలకాలు సమాన పాళ్ళలో కలిస్తే దాని విలువ వాయు స్థిరాంకానికి 1.61 రెట్లు ఉంటుంది. వేర్వేరు పరిమాణాల పరమాణువులు ఒకే జాలకంలో ఇమడవలసి రావడం వల్ల జాలకం వంకరలు పోతుంది; స్ఫటిక దోషాల కదలికకు అడ్డంకి ఏర్పడి లోహం గట్టిపడుతుంది.

రాపిడి వల్ల ఉపరితలం నుండి పదార్థం తొలగిపోవడమే అరుగుదల. గట్టి రేణువులు గీరడం వల్ల కలిగేది అపఘర్షక అరుగుదల. రెండు తలాలు అతుక్కొని ఊడడం వల్ల కలిగేది ఆసంజక అరుగుదల. ఆక్సైడు పొర ఏర్పడి రాలిపోవడం వల్ల కలిగేది ఆక్సీకరణ అరుగుదల. అరిగే ఘనపరిమాణం భారానికి, జారిన దూరానికి అనులోమానుపాతంలోను, కాఠిన్యానికి విలోమానుపాతంలోను ఉంటుందని 1953 నాటి ఆర్చర్డ్ సూత్రం చెబుతుంది.

కూర్పు ప్రభావానికి అల్యూమినియం చక్కని ఉదాహరణ. కోబాల్టు, క్రోమియం, రాగి, ఇనుము, నికెల్ సమాన మోలార్ మిశ్రమంలో అల్యూమినియం పాలు సున్నా నుండి మూడుకు పెరిగేకొద్దీ స్ఫటిక నిర్మాణం ఫలక కేంద్రిత ఘనాకృతి నుండి అంతఃకేంద్రిత ఘనాకృతికి మారి, వికర్స్ కాఠిన్యం 133 నుండి 655కు చేరుతుంది. అల్యూమినియం తక్కువైతే ఉపరితలం పొరలుగా లేచిపోతుంది. ఎక్కువైతే ఆక్సైడు పొర రక్షణనిస్తుంది. బోరాన్ చేరిస్తే గట్టి బోరైడులు ఏర్పడతాయి. అయితే కాఠిన్యం హెచ్చేకొద్దీ పెళుసుదనమూ హెచ్చుతుంది. కోబాల్టు, నికెల్ పాళ్ళు పెంచి టైటానియం కలిపిన ఒక మిశ్రమలోహం, దాదాపు అదే కాఠిన్యం గల ఉక్కులకంటే కనీసం రెండు రెట్లు అరుగుదలను నిరోధించింది. వేడిలోనూ కాఠిన్యం నిలుపుకోవడం, ఆక్సీకరణను తట్టుకోవడం ఇందుకు కారణాలు. కాఠిన్యమొక్కటే కొలమానం కాదని దీనివల్ల స్పష్టమవుతుంది.

ఈ సూత్రాల అవసరం కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి రైతులకు అనుభవంలో ఉన్నదే. జీవనదులు లేని ఈ సీమలో నీటికోసం వెయ్యి అడుగులు దాటి బోర్లు వేస్తారు. ఇక్కడి గ్రానైటులోని పలుగురాయి మామూలు ఉక్కుకంటే గట్టిది. అందుచేత బోరు బిట్టు ముఖాన టంగ్‌స్టన్ కార్బైడు బుడిపెలు పొదుగుతారు. కొత్తవి గుండ్రంగా ఉంటాయి. పని చేసిన బిట్టును తిప్పి చూస్తే, ఆ బుడిపెల నెత్తులు చదునై మెరుస్తుంటాయి. ఇక్కడ గీరుడుతోపాటు సుత్తి దెబ్బ కూడా ఉన్నది కనుక కాఠిన్యానికి తోడు పగలని గుణమూ కావాలి. కార్బైడు రేణువులను పట్టి ఉంచే కోబాల్టు స్థానంలో అధిక ఎంట్రోపీ మిశ్రమలోహాలను వాడే పరిశోధనలు ఈ ఉద్దేశంతోనే సాగుతున్నాయి.

కాబట్టి లోహాన్ని ఎంచుకునేవారు ఏది అత్యంత గట్టిదని కాక, దానిని అరగదీసేది ఏది, ఏ తీరున అరగదీస్తుంది అని మొదట విచారించాలి. ఆ విచారణ నుండే సరైన కూర్పు నిర్ణయమవుతుంది.