మా బిడ్డను ఎనుక ఎందుకు నిలబెట్టిండ్రు సార్?

"మా బిడ్డ మంచిగ గోల్స్ కొట్టేటిది. గిప్పుడేమో తీస్కపోయి ఎనుక నిలబెట్టిండ్రు. ఎందుకు సార్?"

హాకీ నేర్పే కోచ్‌లకు ఈ ప్రశ్న కొత్త కాదు. అడిగేది ఎక్కువగా నాన్నలే. క్రికెట్ చూస్తూ పెరిగిన ఇళ్లలో ఈ అనుమానం రావడం సహజం. ఓపెనర్‌ను తీసుకెళ్లి పదకొండో స్థానంలో దింపితే తగ్గించినట్టే కదా! హాకీలో లెక్క వేరు. అలాగని ప్రశ్నను నవ్వి వదిలేయడానికి లేదు. తండ్రి అడిగితే జవాబు చెప్పలేని కోచ్ ఆ పిల్లను ఆలోచించకుండానే అక్కడ నిలబెట్టాడని నా అనుమానం.

మొదటి నుంచీ చూద్దాం. హకీంపేటలోని రాష్ట్ర క్రీడా పాఠశాలలోనూ, కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతీయ క్రీడా పాఠశాలల్లోనూ పిల్లల్ని నాలుగో తరగతిలో చేర్చుకుంటారు. మండలం, జిల్లా, రాష్ట్రం అని మూడు మెట్ల వడపోత ఉంటుంది. ఎత్తు, బరువు కొలుస్తారు. 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్, 6×10 మీటర్ల షటిల్ రన్, 800 మీటర్ల పరుగు పెట్టిస్తారు. నిలబడిన చోటు నుంచి ముందుకు దూకిస్తారు, పైకి ఎగిరిస్తారు, మెడిసిన్ బాల్ విసిరిస్తారు, ఒళ్లు ఎంత వంగుతుందో చూస్తారు. వీటిలో ఏ ఆటా లేదు. బంతి పేరున్నది మెడిసిన్ బాల్ ఒక్కటే, దానితో ఎవరూ ఏ ఆటా ఆడరు! తొమ్మిదేళ్ల పిల్ల ఏ ఆటకు పనికొస్తుందో ఆ రోజే ఎవరూ తేల్చలేరు, ఒంట్లో చురుకు ఎంతుందో మాత్రం చూడగలరు. ఆట ఏదన్నది తర్వాతి సంగతి. ఆ ఆటలో చోటు ఎక్కడన్నది ఇంకా తర్వాతి సంగతి.

చోటు అంటే ఏమిటో మన వైపు వాళ్లకు కబడ్డీతో చెప్పడం తేలిక. కూతకు పోయేవాడు ఒకడు, కార్నర్‌లో కాచుకుని కాలు పట్టేవాడు ఇంకొకడు, కవర్‌లో అడ్డుపడి తోసేవాడు మరొకడు. ఏడుగురూ కూతకే పోతామంటే ఆట సాగదు. హాకీలో పదకొండు మంది. గోల్‌కీపర్ ముందు బ్యాక్‌లు, వాళ్ల ముందు హాఫ్‌లు, అందరికన్నా ముందు ఫార్వర్డ్‌లు. పాతతరం వాళ్లు ఐదుగురు ఫార్వర్డ్‌లు, ముగ్గురు హాఫ్‌లు, ఇద్దరు బ్యాక్‌లు అని లెక్క చెప్పేవారు. ఇప్పుడు ఆ లెక్క మ్యాచ్‌ను బట్టి, ఒక్కోసారి మ్యాచ్ మధ్యలోనే మారిపోతుంది.

ఇక అసలు సంగతి స్టిక్. దాని ముందువైపు చదును, వెనకవైపు గుండ్రం. గుండ్రటి వైపుతో బంతిని ఆడితే ఫౌల్. ఎడమచేతి వాటం పిల్లలకు వేరే స్టిక్ లేదు. ఎవరైనా ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద పెట్టి పట్టుకోవాల్సిందే. కాబట్టి అందరికీ బంతి కుడి పాదం ముందే ఉంటుంది. మైదానంలో కుడి పక్క, ఎడమ పక్క ఒకటి కాకపోవడానికి కారణం ఇదే.

కుడి అంచున పరుగెత్తే పిల్ల బంతిని గోల్ ముందుకు పంపాలంటే తన ఎడమకు కొట్టాలి. స్టిక్ ఊపు సహజంగా అటే పోతుంది. ఎడమ అంచున పరుగెత్తే పిల్ల కుడికి కొట్టాలి. అందుకు పరుగు ఆపకుండానే పాదాలను బంతి చుట్టూ తిప్పుకోవాలి, లేదంటే స్టిక్‌ను తిప్పి రివర్స్ కొట్టాలి. బాగా పరుగెత్తుతుంది కదా అని ఎవరినో ఒకరిని లెఫ్ట్ వింగ్‌లో వేస్తే ఆ పిల్ల దూసుకుపోయి, చివర్లో బంతిని ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోతుంది.

వెనక వరుసలో ఇంకా కష్టం. ఎదుటి జట్టు రైట్ వింగర్ మన లెఫ్ట్ బ్యాక్‌కు ఎడమ పక్క నుంచి, అంటే స్టిక్‌కు బలం తక్కువున్న పక్క నుంచి, వచ్చి పడుతుంది. అక్కడ స్టిక్ చాపితే పని కాదు. కాళ్లు ముందే కదలాలి, ఎదుటివాళ్లను అంచు వైపు తరమాలి, తొందరపడి మీద పడకూడదు. అడుగు చురుకూ ఓపికా రెండూ ఉన్న పిల్లలు తరగతికి ఒకరిద్దరు దొరికితే ఎక్కువ. అలాంటి పిల్లను లెఫ్ట్ బ్యాక్‌లో వేసిన కోచ్ ఆమెను తక్కువ చేసినట్టు కాదు, తన దగ్గరున్న గట్టి సరుకును గట్టి చోట పెట్టుకున్నాడు.

మరి ఎవరిలో ఏముందో కోచ్‌కు ఎలా తెలుస్తుంది? బంతి దగ్గర లేనప్పుడు చూస్తాడు. ఆట మొత్తంలో ఒక పిల్ల దగ్గర బంతి ఉండేది కాసేపే, మిగతా సమయమంతా పరుగూ చూపూనే. నలుగురిని నలుగురి మీద చిన్న మైదానంలో ఆడిస్తే ఒక్క సాయంత్రంలోనే చాలా బయటపడుతుంది. బంతి పోగానే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేదెవరు, వెంటనే వెనక్కి పరుగెత్తేదెవరు? బంతి అందకముందే తల తిప్పి చుట్టూ చూసుకునేదెవరు? అలా చూసుకునే పిల్ల మధ్యలో పనికొస్తుంది, ఎందుకంటే మిడ్‌ఫీల్డర్‌కు నాలుగు దిక్కుల నుంచీ ఒత్తిడే. ఎదుటి మనిషి భుజం చూసి బంతి ఎటు పోతుందో కనిపెట్టే పిల్ల బ్యాక్‌లో పనికొస్తుంది. మూడుసార్లు తప్పి నాలుగోసారీ గోల్‌కు గురిపెట్టే మొండి పిల్ల ఫార్వర్డ్. మంచి కోచ్‌లు ఒక్కొక్కరిని విడిగా కూడా చూడరు, ఎవరి పక్కన ఎవరు బాగా ఆడుతున్నారో చూస్తారు. ఐస్ హాకీలో ముగ్గురు ఫార్వర్డ్‌లను కలిపి ఒక 'లైన్' అని, ముగ్గురినీ కలిపే దింపి, కలిపే రప్పిస్తారు. మన హాకీలో అంత కచ్చితమైన పద్ధతి లేకపోయినా జంటలు కుదర్చడం ఉంది.

బెంచి గురించి కూడా ఒక మాట. ఇది తెలియక ఇళ్లలో చాలా కన్నీళ్లు కారుతుంటాయి. హాకీలో ఆటగాళ్లను ఎన్నిసార్లయినా మార్చవచ్చు, బయటికొచ్చినవాళ్లు మళ్లీ లోపలికి వెళ్లవచ్చు. పెద్దల ఆట పావుగంట చొప్పున నాలుగు భాగాలు. ఫార్వర్డ్‌లు కొద్ది నిమిషాలు ప్రాణం పెట్టి పరుగెత్తి బయటికొస్తారు, ఊపిరి తీసుకుని మళ్లీ వెళ్తారు. బ్యాక్‌లను అంత తరచుగా మార్చరు. మీ బిడ్డ ఆరుసార్లు బయటికొచ్చిందంటే ఆరుసార్లు గట్టిగా పరుగెత్తిందన్నమాట.

గోల్‌కీపర్ సంగతి వేరు. నేను చదివిన బడిలో గోలీని ఎంచే పద్ధతి ఒకటే: అందరికన్నా లావుగా ఉన్నవాడు. ఆ లావు అబ్బాయిని నేనే కాబట్టి గట్టిగానే చెబుతున్నాను, అంతకన్నా తప్పు పద్ధతి లేదు. భారత జట్టుకు రెండు ఒలింపిక్ కాంస్యాలు రావడంలో గోల్ ముందు గోడలా నిలిచిన శ్రీజేష్ తిరువనంతపురంలోని క్రీడా పాఠశాలకు పన్నెండేళ్ల వయసులో వచ్చింది పరుగు పందేల కోసం. లాంగ్ జంప్, వాలీబాల్ కూడా ప్రయత్నించాడు. గోల్‌కీపింగ్ చెయ్యమన్నది అక్కడి కోచ్. మన చిత్తూరు వైపు నుంచి భారత జట్టుకు వెళ్లిన ఏతిమరపు రజని కూడా గోల్‌కీపరే. 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఆమె ఉంది. ఆ జట్టు కెప్టెన్ సవిత కూడా గోల్‌కీపరే. గోల్ ముందు చోటు ఒక్కటే, కాబట్టి ఇద్దరిలో ఒకరికి ఎదురుచూపు తప్పదు. ఆ ఎదురుచూపులో కూడా సాధన మానని స్వభావం ఉందో లేదో కోచ్ చూడాలి.

కోచ్‌లు పొరపడరా అంటే, బాగా పొరపడతారు. పన్నెండేళ్లకే పొడుగు సాగిన అబ్బాయిని బ్యాక్‌లో పాతేస్తారు. పదహారు వచ్చేసరికి మిగతావాళ్లు అతన్ని దాటిపోతారు, అతనికేమో ఇంకో చోట ఆడడం రాదు. జిల్లా పోటీ గెలవాలన్న ఆత్రంలో జరిగేది ఎక్కువగా ఇదే. ఎదిగే పిల్లలకు ఒక్క చోటే ఇవ్వడం నా లెక్కలో కోచ్ సోమరితనం. అన్ని చోట్లా ఆడించాలి. 2024 ఆగస్టు 4న పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్‌ఫైనల్లో, బ్రిటన్‌తో ఆటలో, డిఫెండర్ అమిత్ రోహిదాస్‌కు 17వ నిమిషంలోనే రెడ్ కార్డ్ చూపించారు. మిగిలిన ఆటంతా పది మందితోనే. మిడ్‌ఫీల్డర్ మన్‌ప్రీత్ సింగ్ వెనక్కి వచ్చి ఆ ఖాళీని కాశాడు. ఆట 1-1తో ముగిసింది, షూటౌట్‌లో భారత్ 4-2తో గెలిచింది. వెనక ఆడడం ఎన్నడూ నేర్వనివాడికి ఆ పని ఆ రోజు చేతనయ్యేది కాదు.

కాబట్టి ఈసారి మైదానానికి పోయినప్పుడు "ఎనుక ఎందుకు నిలబెట్టిండ్రు" అని కాకుండా, "ఈ నెల మా బిడ్డ ఏ ఏ జాగల ఆడింది, ఆడ ఏం నేర్సుకోవాలె సార్?" అని అడిగి చూడండి. కోచ్ నోట్‌బుక్ తీసి చెబితే నిశ్చింతగా ఇంటికి వెళ్లండి. "అన్నీ మేం చూసుకుంటం" అంటే మాత్రం వచ్చే నెల మళ్లీ అడగండి.