పాత చిన్న ట్రాక్టరు: కొనుటకు ముందు పరీక్ష, కొన్న పిదప పోషణ

త్రిపురాంతకము చుట్టుపట్ల గ్రామములలో మెట్టసేద్యమే మిక్కుటము. ప్రత్తి, మిరప, కంది సాళ్ల నడుమ గుంటక తోలుటకు ఎడ్లు చాలవు. పెద్ద ట్రాక్టరు పట్టదు. కావున ఇరువది అశ్వశక్తులకు లోబడిన చిన్న ట్రాక్టరును కొందఱు కోరుచున్నారు. క్రొత్తదాని వెల భరింపలేనివారు పాతదానిని వెదకుదురు. ఇందు తప్పు లేదు. కాని పాతయంత్రమునందలి లోపము వలన ధననష్టమే గాక ప్రాణనష్టమును గలుగవచ్చును. ఏ భాగము చెడినచో మనుష్యునకు హాని గలుగునో, ఆ భాగమునే మొదట చూడవలెనని మేము చెప్పదలచినాము.

బండిని చదునుచోట నిలిపించి, ఇంజను ఆపి, తాళపుచెవిని మన జేబులో వేసికొన్న పిమ్మటనే పరీక్ష మొదలిడవలెను. ఇంజను చల్లగా నుండుట ముఖ్యము. ముందే వేడిచేసియుంచిన ఇంజను సులువుగా నడచి తన లోపమును దాచును. రేడియేటరు మూతను వేడిమీద విప్పరాదు. మరుగునీరు ముఖముపైకి చిమ్మును. కొలపుల్ల తీసినపుడు చమురు పాలవలె తెల్లబాఱియున్నచో లోనికి నీరు చేరినదని గ్రహింపవలెను.

వెనుకనుండు పి.టి.ఓ. ఇరుసునకు కప్పు ఉన్నదో లేదో చూడుడు. ఆ ఇరుసు సాధారణముగా నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకనునకు 9 చుట్లు తిరుగును. పంచెకొంగుగాని, చీరచెఱగుగాని చిక్కినచో ఇంజను ఆపునంత వ్యవధి యుండదు. కప్పు లేనిచో వేయించిన పిదపనే పనిలో దింపవలెను.

బ్రేకు పెడళ్లు రెండును సమముగ పట్టవలెను. పొలములో మలుపుకొఱకు విడివిడిగ త్రొక్కవచ్చును గాని, గుంటూరు కర్నూలు రోడ్డెక్కునపుడు రెంటిని కలుపు కొక్కెము తప్పక వేయవలెను. వేగముమీద ఒక ప్రక్క బ్రేకు మాత్రమే పట్టినచో బండి ప్రక్కకు తిరిగి బోల్తాపడును.

స్వీడను దేశమున 1959లో క్రొత్త ట్రాక్టర్లకు బోల్తానుండి కాపాడు చట్రము తప్పనిసరి చేసిన పిదప అట్టి మరణములు మిక్కిలి తగ్గినవి. మన బండికి అట్టి చట్రమున్నచో విప్పివేయక, నడుము పట్టీ కట్టుకొనవలెను. లేనిచో గట్టుల అంచులకు, వాలునేలలకు దూరముగ నుండవలెను. గొలుసు కట్టి మొద్దులను లాగునపుడు వెనుక ఇరుసుకంటె క్రిందనున్న లాగుడుకమ్మికే కట్టవలెను. పైన కట్టినచో ముందుచక్రములు లేచి బండి వెనుకకు తిరుగబడును.

పిమ్మట ఇంజను నడిపి పొగ చూడుడు. నీలిపొగ చమురు కాలుచున్నదనుటకు గుర్తు. విడువక వచ్చు నల్లపొగకు గాలిదారి మూసికొనుటయో, డీజిలు మితిమీఱుటయో కారణము. గుంటకను పైకెత్తి కొంతసేపు నిలిపిన, దానంతట అది దిగజాఱినచో లిఫ్టు బలహీనమని తెలియవలెను. ఎత్తిన పనిముట్టు క్రింద ఎవ్వరును దూరరాదు. ఒత్తిడిగొట్టములలో కారుపును అట్టముక్కతో వెదకవలెను, చేతితో కాదు. సన్నని ధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు.

కాగితములలోని ఇంజను, చాసిస్ సంఖ్యలను బండిపై సంఖ్యలతో సరిచూడుడు. బండిపై అప్పు తీఱినదని ఋణదాత పత్రము పొందుడు. 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము, ఒకే రాష్ట్రములో అమ్మకము జరిగినచో అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను తెలియజేయవలెను.

కొన్న పిదప ప్రతిదినము ఉదయమున చమురు, నీరు, చక్రముల బిగింపులు చూడుడు. వేసవిదుక్కిలో దుమ్ము విశేషము గాన గాలిజల్లెడను తఱచుగ శుభ్రపఱుపుడు. అది మూసికొనినను, చిఱిగినను ఇంజను త్వరలో అఱుగును. చమురు మార్పు గంటల లెక్కను తయారీదారు పుస్తకము ననుసరించి గోడపై వ్రాసికొనుడు. అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని కేంద్రప్రభుత్వ వ్యవసాయయంత్ర శిక్షణాసంస్థలో ఈ పనులయందు శిక్షణ కలదు.

నమ్మకమైన మేస్త్రీని వెంటగొనిపోయి, మరమ్మతుల ఖర్చు కట్టించి, ఆ మొత్తమును వెలలో తగ్గించి బేరమాడుడు. బ్రేకులుగాని స్టీరింగుగాని సరిగా లేనిచో, బేరము కుదిరినను ఆ బండిని నడుపుకొని రాక, వేఱొక వాహనముపై నెక్కించి మేస్త్రీ కొట్టునకు చేర్పుడు. ఆ బాడుగ వ్యర్థమైన ఖర్చు కాదు.