షైలాక్ పేరు మీద మనం మోస్తున్న అపోహలు

సదుంలో సాయంత్రం పూట ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను. షేక్‌స్పియర్ నాటకం 'ది మర్చంట్ ఆఫ్ వెనిస్' మొదలుపెట్టిన రోజు వెనక నుంచి ఒక పిల్లోడు, "వడ్డీలకిచ్చే యూదోడి కత గదా సార్" అన్నాడు. టమాటా పంటకు అప్పు తెచ్చి, ప్రోనోటు మీద సంతకం పెట్టి, రేటు పడిపోతే దిక్కుతోచని ఇళ్ళు మా చుట్టూ ఉన్నాయి. వాడి కోపంలో న్యాయముంది. అది ఒక మతం మీదికి మళ్ళడమే నాకు బాధ.

అపోహ: వెనిస్ వర్తకుడంటే షైలాకే.

కాదు. వర్తకుడు ఆంటోనియో, క్రైస్తవుడు. షైలాక్ అతనికి అప్పిచ్చిన యూదుడు.

అపోహ: ఆ అప్పుకు ఘోరమైన వడ్డీ అడిగాడు.

పైసా అడగలేదు. మూడు వేల డకట్లు, మూడు నెలల గడువు, గడువు దాటితే ఆంటోనియో ఒంటి నుంచి పౌండు మాంసం. ఆ షరతు క్రూరమైనదే, దాన్ని నేను సమర్థించను. కానీ అంతకుముందే ఆంటోనియో అతన్ని కుక్క అని తిట్టాడు, గడ్డం మీద ఉమ్మాడు. అప్పు అడగబోయిన రోజు కూడా, మళ్ళీ ఉమ్ముతాననే అన్నాడు.

అపోహ: వడ్డీ వ్యాపారం యూదుల రక్తంలోనే ఉంది.

నేను ఎక్కువసేపు చెప్పేది దీని గురించే. మధ్యయుగాల ఐరోపాలో చాలాచోట్ల యూదులను భూమి కొననివ్వలేదు, చేతివృత్తుల సంఘాల్లో చేరనివ్వలేదు. వడ్డీ తీసుకోవడం పాపమని చర్చి క్రైస్తవులకు చెప్పింది. రాజుకూ వర్తకుడికీ మాత్రం అప్పు కావాలి. అలా ఆ పని యూదుల చేతికొచ్చింది, ఆ పని చేసినందుకే తిట్లూ వచ్చాయి. వెనిస్‌లో 1516 నుంచి వాళ్ళను గెట్టో అనే పేటలో ఉంచి రాత్రిళ్ళు గేట్లు మూసేవారు. ఇంగ్లండ్ 1290లోనే యూదులను వెళ్ళగొట్టింది, 1656 దాకా మళ్ళీ ఉండనివ్వలేదు. షేక్‌స్పియర్ 1596–97 ప్రాంతంలో ఈ నాటకం రాసేనాటికి, లండన్ ప్రేక్షకుల్లో చాలామంది యూదుడిగా బాహాటంగా బతికే మనిషిని చూసి ఉండరు. సదుంలో మేమూ చూడలేదు. అయినా పిల్లోడి నోటికి ఆ మాట ఎంత సులువుగా వచ్చింది! 1943లో వియన్నాలో నాజీలు యూదులను అసహ్యించుకునేలా చేయడానికి ఇదే నాటకాన్ని ఆడించారు.

మనలో చాలామంది చదివింది 1807లో లాంబ్ అక్కాతమ్ముళ్ళు కుదించిన కథ. తనకూ అందరిలాంటి ఒళ్ళే ఉందని, గుచ్చితే తనకూ నెత్తురొస్తుందని షైలాక్ నిలదీసే ఘట్టం అందులో లేదు. ఆ ఒక్కటి తీసేస్తే మిగిలేది రాక్షసుడే.

అపోహ: యూదులంటే యేసును పట్టిచ్చిన యూదా సంతతి.

తెలుగులో రెండు పేర్లూ ఒకేలా వినబడి వచ్చిన పొరపాటిది. యూదులకు ఆ పేరు వచ్చింది యాకోబు కొడుకు యూదా నుంచి. ఇస్కరియోతు యూదా ఎన్నో తరాల తర్వాతి మనిషి. యేసు, మరియమ్మ, పేతురు, అందరూ యూదులే. క్రీస్తు మరణానికి యూదులందరినీ దోషులనకూడదని 1965లో వాటికన్ మహాసభ ప్రకటించింది.

అపోహ: తెలుగువాళ్ళకూ యూదులకూ సంబంధమే లేదు.

17వ శతాబ్దంలో గోల్కొండ వజ్రాల కోసం యూదు వర్తకులు మద్రాసులో కాపురమున్నారు. ఇప్పుడు గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే యూదు సమాజముంది. వాళ్ళకు శనివారం విశ్రాంతి దినం, ఇంట్లో మాట్లాడేది తెలుగే.

అపోహ: చివరికి కోర్టులో దయ గెలిచింది.

గడువు దాటాక షైలాక్ మాంసం కోసం కోర్టుకెక్కితే, లాయరు వేషంలో వచ్చిన పోర్షియా దయ గురించి మాట్లాడింది నిజమే. తీర్పులో షైలాక్‌కు ప్రాణం దక్కింది గానీ, ఆస్తి మీద పెత్తనం పోయింది. క్రైస్తవంలోకి మారాలన్నది ఆంటోనియో పెట్టిన షరతు. బలవంతంగా దేవుణ్ణి మార్చుకోమనడాన్ని దయ అని పిల్లలకు చెప్పడానికి నాకు నోరు రాదు.

అంతకుముందే షైలాక్ కూతురు జెస్సికా తండ్రికి చెప్పకుండా క్రైస్తవుడితో వెళ్ళిపోయింది, నగలూ పట్టుకుపోయింది. అందులో ఒక ఫిరోజా రాయి ఉంగరం, షైలాక్‌కు పెళ్ళికి ముందు భార్య లేయా ఇచ్చింది. దాన్నిచ్చి జెస్సికా కోతిని కొన్నదని స్నేహితుడు టూబల్ చెప్పినప్పుడు, అడవి నిండా కోతులిచ్చినా నేనివ్వనే అంటూ ముసలాయన కుమిలిపోతాడు. ఇది చెప్పిన రోజు క్లాసులో చప్పుడు లేదు. మొదటి వరసలో ఒక అమ్మాయి అడిగింది: "ఆ ఉంగరం మళ్ళా దొరికిందా సార్?"

చివరి అంకంలో పెద్ద గొడవ ఉంగరాలదే. పోర్షియా ఉంగరం, ఆమె చెలికత్తె నెరిస్సా ఉంగరం తిరిగి భర్తల వేళ్ళకెక్కాయి. లేయా ఉంగరం మాట అక్కడ ఎవ్వరూ ఎత్తలేదు.