త్వరగా పెరిగే చెట్టు మంచిదేనా?



జులై మొదటి వారం రాగానే మన విద్యాలయాల్లో వనమహోత్సవం సందడి మొదలవుతుంది. 1950లో అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ దీన్ని ప్రారంభించారు. 2024 జూన్ 5 నుంచి ‘ఏక్ పేడ్ మా కే నామ్’ కార్యక్రమం కూడా దీనికి తోడైంది. మొక్క చేతికి రాగానే మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: “ఇది ఎన్నాళ్ళకు పెద్దదవుతుంది?” అడగడం సహజమే. అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వులు వచ్చేలోగా మనం నాటిన మొక్క మన తలను దాటి ఎదగాలని ఎవరికి ఉండదు? అందుకే త్వరగా పెరిగే చెట్ల సంగతి కాస్త వివరంగా తెలుసుకుందాం.

భూమి వేడెక్కడానికి ముఖ్య కారణం గాలిలో కార్బన్ డై ఆక్సైడ్ పెరగడం. చెట్టు ఆ వాయువును ఆకులతో పీల్చుకుని, అందులోని కార్బన్‌ను కాండంలో, కొమ్మల్లో, వేళ్ళలో దాచుకుంటుంది. ఎండిన కలప బరువులో దాదాపు సగం కార్బనే. అంటే 100 కిలోల ఎండు కలపలో సుమారు 50 కిలోల కార్బన్ ఉంటుంది. అంత కార్బన్‌ను కూడబెట్టడానికి ఆ చెట్టు గాలి నుంచి సుమారు 183 కిలోల కార్బన్ డై ఆక్సైడ్‌ను తీసుకుంది. త్వరగా పెరిగే చెట్టు ఈ పనిని త్వరగా చేస్తుంది. నీడను కూడా త్వరగా ఇస్తుంది. ఇది దాని గొప్పతనం.

అయితే దాచుకున్న కార్బన్ ఎంతకాలం ఉంటుందన్నదీ చూడాలి. కట్టెను పొయ్యిలో పెడితే ఆ రోజే తిరిగి గాలిలో కలుస్తుంది. కాగితమైతే కొన్నేళ్ళు ఆగుతుంది. తలుపో దూలమో అయితే తరాల పాటు నిలుస్తుంది. చెట్టు చెట్టుగానే ఉంటే అది బతికినంతకాలం ఉంటుంది.

ఇంకో విషయం. త్వరగా పెరిగే చాలా చెట్ల కలప మెత్తగా, తేలికగా ఉంటుంది. ఎవరినైనా లేనిపోని పొగడ్తలతో పైకెత్తితే తెలుగులో ‘మునగచెట్టు ఎక్కించడం’ అంటాం. మునగ కొమ్మ పుటుక్కున విరుగుతుంది, ఎక్కినవాడు కింద పడతాడు! కొమ్మ నాటిన ఏడాదిలోపే కాయలిచ్చే ఆ మునగ పెరట్లో బంగారమే. పిల్లలు ఆడుకునే మైదానం గట్టున మాత్రం అది సరైన చెట్టు కాదు.

చెట్టుకు తగిన చోటు దొరికితే దాని వేగం వరమవుతుంది. కోస్తా తీరంలో రైలు ప్రయాణం చేసినవారు సరుగుడు తోటలు చూసే ఉంటారు. ఉప్పుగాలికి తట్టుకుని, ఇసుక నేలలో నాలుగైదేళ్ళకే కోతకు వస్తుంది. దాని వేళ్ళ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని చెట్టుకు అందిస్తాయి. ఎగిరే ఇసుకకు, సముద్రపు గాలికి సరుగుడు అడ్డుగోడగా నిలుస్తుంది.

చోటు కుదరకపోతే ఏమవుతుందో చెప్పడానికి సర్కారు తుమ్మ ఉంది. హిందీలో విలాయతీ బబూల్, తమిళంలో సీమై కరువేలం, గుజరాతీలో గాండో బావళ్, అంటే పిచ్చి తుమ్మ. మీరు చదివిన ఊళ్ళలో ఏదో ఒక పేరుతో ఇది మీకు తెలిసే ఉంటుంది. 1870లలో జమైకా నుంచి తెప్పించిన గింజలను మన కడప ప్రాంతంలో నాటారు. ఉద్దేశం మంచిదే: కరువు నేలలో త్వరగా వంటచెరకు కావాలి. తర్వాత కచ్ ప్రాంతంలో ఉప్పు ఎడారి ముందుకు రాకుండా కూడా ఈ చెట్టునే నాటారు. పశువులు దీని కాయలు తిన్నాయి, పేడతో పాటు గింజలు ఊరూరికీ చేరాయి. బన్నీ పచ్చికబయళ్ళలో గడ్డి పెరిగే చోటును ఇది ఆక్రమించింది. ఇప్పుడు దాన్ని తొలగించడమే పెద్ద పని.

విచిత్రమేమిటంటే, దీనికి దగ్గరి చుట్టం మన జమ్మి. రాజస్థాన్‌లో దాన్నే ఖేజ్‌డీ అంటారు. తెలంగాణకూ రాజస్థాన్‌కూ రాష్ట్ర వృక్షం అదే. నెమ్మదిగా పెరుగుతుంది. వేళ్ళు లోతుకు పోతాయి కాబట్టి దాని కింద పైరు చక్కగా పండుతుంది. ఆకు పశువులకు మేత, కాయ మనుషులకు కూర. 1730లో ఖేజడ్లీ గ్రామంలో అమృతాదేవితో పాటు 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చి కాపాడుకోవాలనుకున్నది ఈ చెట్లనే. దసరా నాడు మనం ‘బంగారం’ అంటూ పంచుకునేది ఈ ఆకునే.

కాబట్టి మొక్క తీసుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ నేలకూ ఇక్కడి వానకూ ఇది సరిపోతుందా? దీనితో మనకు కావలసిన పని ఏమిటి? దీన్ని ఎవరు చూసుకుంటారు? రెండు రకాలూ కలిపి నాటడం మేలు. అవిసె, మునగ వంటివి పెరటి తోటలో త్వరగా ఎదిగి పక్కనున్న చిన్న మొక్కలకు ఎండ తగ్గిస్తాయి. జమ్మి, చింత నెమ్మదిగా ఎదిగి ఎక్కువకాలం నిలుస్తాయి.

మూడో ప్రశ్న మనకు మరీ ముఖ్యం. మొక్కకు మొదటి రెండు మూడు వేసవులే గండం. ఆ లోపే మీరు టీసీ తీసుకుని వెళ్ళిపోవచ్చు. ఉద్యోగులు బదిలీ అయినప్పుడు చార్జి అప్పగించి కదా వెళ్తారు! మీరూ అలాగే చేయండి. తరగతిలో ఒక నోటు పుస్తకం పెట్టండి. మొక్క పేరు, నాటిన తేదీ, చోటు, నీళ్ళు పోసేవారి వంతు అందులో రాయండి. వెళ్ళేటప్పుడు కింది తరగతి పిల్లలకు ఆ పుస్తకం ఇచ్చి, మొక్కను చూపించి వెళ్ళండి.

కొత్త ఊరి విద్యాలయంలో చేరిన మొదటి రోజున మీరు నిలబడే నీడ కూడా ఇలా ఎవరో అప్పగించి వెళ్ళినదే. ఆ చెట్టు పేరేమిటో అక్కడి స్నేహితులను అడగండి. ఆ ఊరి భాషలో మీరు నేర్చుకునే మొదటి మాట అదే కావచ్చు.