కిలిమంజారో: ఏ రాత్రి ఎంత ఎత్తున?

2,720. 3,720. 4,720. టాంజానియాలోని కిలిమంజారోను మరాంగు దారిలో ఎక్కేవాళ్లు వరుసగా మూడు రాత్రులు తలవాల్చే చోట్ల ఎత్తు ఇది, మీటర్లలో. మందారా, హోరోంబో, కిబో అని వాటి పేర్లు. రోజుకు సరిగ్గా వెయ్యి మీటర్లు, ఎక్కాల పుస్తకంలో లెక్కలా ఉంటుంది. నాలుగో రోజు అర్ధరాత్రి లేచి 5,895 మీటర్ల శిఖరానికి బయలుదేరాలి. ఐదో రోజుకు కిందికి వచ్చేయొచ్చు. అమ్మకానికి ఉన్న ప్యాకేజీల్లో చవకైనవి చాలావరకు ఇదే బాపతు. నన్నడిగితే ఎవరూ కొనకూడనిది కూడా ఇదే.

ఈ కొండకు తాళ్లు, మంచుగొడ్డళ్లు అక్కర్లేదు, నడకే. మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలన్నీ ఎక్కినప్పుడు, ఆ తర్వాత మాలావత్ పూర్ణ అదే జాబితా పూర్తి చేసినప్పుడు, అందులో ఆఫ్రికా వంతు కిలిమంజారో. వాళ్లకు అది ఏడింటిలో ఒకటి. సెలవు పెట్టుకుని హైదరాబాదు నుంచి విమానమెక్కే ఉద్యోగికి ఆ ఏడింటిలో అందేది దాదాపు అదొక్కటే. కాబట్టి రూటు ఏదో తేల్చుకోవడానికి కాస్త కుదురుగా కూర్చోవడం మంచిది. ఏ దారి అందంగా ఉంటుంది, ఏ దారిలో జనం తక్కువ అన్నవి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఒక కాగితం మీద ఏ రాత్రి ఎంత ఎత్తున పడుకుంటామో రాసుకోవాలి. రూటంటే నిజానికి ఆ అంకెల వరుసే.

ఎందుకంటే గాలిలో ఆక్సిజన్ వాటా ఎక్కడైనా 21 శాతమే గానీ, పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి పడిపోతుంది. శిఖరం మీద అది సముద్రమట్టంలో ఉన్నదానికి దాదాపు సగం. శరీరం దీనికి సర్దుకుంటుంది: ఊపిరి వేగం పెంచుతుంది, మూత్రపిండాలు రక్తంలో ఆమ్ల క్షారాల పాళ్లు మారుస్తాయి. ఇవన్నీ గంటల్లో తేలే పనులు కావు, రోజులు పడతాయి. పగలు కాసేపు ఎత్తుకు వెళ్లి వస్తే ఒళ్లు ఓర్చుకుంటుంది. నిద్రలో ఊపిరి మందగిస్తుంది కాబట్టి రాత్రంతా అదే ఎత్తున పడుకుంటే అసలు పరీక్ష మొదలవుతుంది. అందుకే పర్వత వైద్యులు లెక్క చూసేది పడక ఎత్తునే. 3,000 మీటర్లు దాటాక రాత్రికి 500 మీటర్లకు మించి పడక ఎత్తు పెంచవద్దని, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తున అదనంగా ఒక రాత్రి ఆగమని వాళ్ల మార్గదర్శకం.

ఈ గజంబద్దతో కొలిచి చూద్దాం. 3,000 నుంచి 3,500, 4,000, 4,500, ఆపైన చివరి క్యాంపు. అంటే నాలుగు రాత్రులు. మధ్యలో ఆగే రాత్రి కలుపుకుంటే ఐదు. శిఖరానికి బయలుదేరే ముందు 3,000 మీటర్ల పైన ఐదు రాత్రులు గడపాలన్నమాట. ఐదు రోజుల మరాంగులో దొరికేవి రెండు. హోరోంబోలో ఇంకో రాత్రి ఉండి, పగలు 4,000 మీటర్ల దాకా నడిచి వెనక్కి వచ్చే ఆరు రోజుల పద్ధతిలో మూడు. ఈ దారిలో టెంట్లు ఉండవు, మంచాలున్న చెక్క గుడిసెల్లో పడుకుంటారు. వానాకాలంలో అదొక పెద్ద సుఖమే, కాదనను. అయితే నెత్తి మీద కప్పు ఉన్నంత మాత్రాన గాలి చిక్కబడదు.

అందరి నోటా వినిపించే పేరు మచామే. దక్షిణాన 1,800 మీటర్ల దగ్గర గేటు. తర్వాత రాత్రులు వరుసగా 2,835, షీరా కేవ్ 3,750, బర్రాంకో 3,900, చివరి క్యాంపు బరాఫు 4,673. ఇవి క్యాంపుల్లో బోర్డుల మీద రాసి ఉండే ఎత్తులు. మ్యాపును బట్టి కొద్ది పదుల మీటర్లు అటూ ఇటూ కావచ్చు. ఇందులో మూడో రోజు చూడండి. షీరా నుంచి 4,600 మీటర్ల ఎత్తున్న లావా టవర్ దాకా ఎక్కించి, మధ్యాహ్నం భోజనం పెట్టి, మళ్లీ 700 మీటర్లు దింపి బర్రాంకోలో పడుకోబెడతారు. పడక ఎత్తు పెరిగింది 150 మీటర్లే గానీ, 4,600 మీటర్ల గాలి ఎలా ఉంటుందో ఒంటికి తెలిసింది. చాలామందికి మొదటి తలనొప్పి ఇక్కడే వస్తుంది, బర్రాంకోకు దిగేసరికి తగ్గుతుంది. కిలిమంజారో దక్షిణపు దారుల్లో అన్నింటికన్నా విలువైన రోజు ఇదే.

మచామేను ఆరు రోజులకు, ఏడు రోజులకు, రెండు రకాలుగా అమ్ముతారు. తేడా ఒక్క రాత్రి. ఆ రాత్రి కథ కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఆరు రోజుల పద్ధతిలో నాలుగో రోజు పొద్దున్నే బర్రాంకో గోడ ఎదురవుతుంది. సుమారు 250 మీటర్ల రాతి గోడ, చేతులూ వాడి పాకాలి, కూలీలూ యాత్రికులూ ఒకరి వెనక ఒకరు బారులు తీరతారు. అది దాటి, లోయలు ఎక్కి దిగి, కరంగా లోయలోంచి పైకొచ్చి బరాఫు చేరేసరికి సాయంత్రమవుతుంది. పడక ఎత్తు ఒక్కరోజులో 773 మీటర్లు పెరిగింది. అన్నం సయించదు. పడుకున్నా నిద్ర రాదు. రాత్రి పదకొండుకు లేపుతారు, శిఖరానికి బయలుదేరాలి. ఏడు రోజుల పద్ధతిలో ఈ దూరాన్ని కరంగా దగ్గర, 3,995 మీటర్ల ఎత్తున విరుస్తారు. ఆ రాత్రి పెరుగుదల 95 మీటర్లే. మర్నాడు బరాఫుకు మూడు నాలుగు గంటల నడక, మధ్యాహ్నం భోజనానికే చేరిపోవచ్చు. అంటే శిఖరం రాత్రికి ముందు సగం రోజు విశ్రాంతి. అదనపు రాత్రి ఒంటిని ఎత్తుకు అలవాటు చేస్తుందనే అందరూ చెబుతారు. కాళ్లకు దొరికే ఈ సగం రోజు దానికి ఏమాత్రం తీసిపోదు.

ఆ ఒక్క రోజుకు ఖర్చెంత? ఇటీవలి ధరల ప్రకారం పార్కు రుసుము విదేశీయులకు రోజుకు 70 డాలర్లు, క్యాంపుకు రాత్రికి 50, ఆ రెండింటి మీద 18 శాతం వ్యాట్. మొత్తం 141 డాలర్ల 60 సెంట్లు. డాలరును 85 రూపాయలు వేసుకుంటే 12 వేల చిల్లర. గైడు, వంటమనిషి, కూలీల జీతాలు, తిండి దీనికి అదనం. చవక ప్యాకేజీ చవక కావడానికి మొదటి కారణం రోజులు తగ్గించడమైతే, రెండోది కూలీల జీతం కొయ్యడం. విమానం టికెట్టుకు లక్షకు అటూ ఇటూ పోసి, చివర పన్నెండు వేల దగ్గర బేరమాడేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

మూడువేల పైన ఐదు రాత్రుల లెక్కకు సరిగ్గా అతికే దారి ఎనిమిది రోజుల లెమోషో. పడమటి అడవిలో మొదలై తొలి రాత్రి సుమారు 2,700, తర్వాత షీరా-1 దాదాపు 3,500, షీరా-2 3,850. అక్కడి నుంచి మచామే దారిలోనే లావా టవర్, బర్రాంకో, కరంగా, బరాఫు. 3,000 పైన రాత్రులు ఐదు. మధ్యలో పెరుగుదలలు 350, 50, 95. చివరి 678 మీటర్ల గంతు మాత్రం ఇక్కడా తప్పదు. నేను ఎంచుకోమంటే దీన్నే ఎంచుకుంటాను.

ఉత్తరాన కెన్యా సరిహద్దు వైపు నుంచి ఎక్కే రోంగాయ్ లెక్క వేరుగా ఉంటుంది. ఏడు రోజులకు 2,600, 3,450, 3,600, 4,300, 4,720. మావెంజి శిఖరం కింద చిన్న చెరువు పక్కన ఉన్న క్యాంపుకు చేరే రోజు 700 మీటర్ల గంతు ఉంది గానీ, చివరి గంతు 420 మీటర్లే. చివరి రాత్రి మార్గదర్శకం లోపల ఉండే దారి ఇప్పటిదాకా చూసిన నాలుగింటిలో ఇదొక్కటే. పైగా కొండకు ఆ వైపు వానచాటు. మార్చి మధ్య నుంచి మే దాకా, మళ్లీ నవంబరులో దక్షిణపు అడవి బురదబురద అయినప్పుడు రోంగాయ్ కాస్త పొడిగా ఉంటుంది. ఆ నెలల్లో తప్ప సెలవు దొరకనివాళ్లు ముందు దీన్ని చూడాలి. తొమ్మిది రోజుల నార్తర్న్ సర్క్యూట్ కొండను ఉత్తరంగా చుట్టి వస్తుంది. 3,000 పైన ఆరు రాత్రులు దొరుకుతాయి, జనం తక్కువ, డబ్బు ఎక్కువ. నిట్టనిలువుగా ఎక్కే ఉంబ్వే తొలిసారి వెళ్లేవాళ్లకు వద్దు.

టెంటు ఎక్కడ వేయాలన్నది కిలిమంజారోలో మన చేతిలో ఉండదు, పార్కు చూపిన క్యాంపుల్లోనే వేయాలి. అయినా ఆ క్యాంపులో ఏ మూల అన్నది అడగొచ్చు. బరాఫు గాలికి ఎదురొడ్డిన రాతి గట్టు. చదునైన చోటు తక్కువ, నీటిచుక్క ఉండదు. ఆ వైపు ఆఖరి నీరు కరంగా లోయలోని వాగుదే. బరాఫులో మీరు తాగే ప్రతి లీటరూ అక్కడి నుంచి ఒకరు మోసుకొచ్చిందే. అందుకని కరంగాలోనే సీసాలన్నీ నింపుకోవాలి. బరాఫు చేరగానే టెంటు దారి పక్కన వేశారేమో చూసుకోండి. రాత్రి పదకొండు నుంచి మిగతా బృందాలు తలదీపాలు వెలిగించుకుని కర్రలు టకటకలాడిస్తూ అటుగానే పోతాయి, ఉన్న కాస్త నిద్రా పోతుంది. వాలు తప్పకపోతే తల ఎగువ వైపు పెట్టుకోవాలి. రాత్రిళ్లు చల్లగాలి కొండ మీది నుంచి కిందికి పారుతుంది గనుక టెంటు గుమ్మం దిగువ వైపు ఉండటం మేలు. బర్రాంకో లాంటి లోయ క్యాంపుల్లో గాలి తక్కువ, కానీ ఆ పారే చలంతా వచ్చి అక్కడే మడుగు కడుతుంది. వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క. కింద మోషీ పట్నంలో 30 డిగ్రీలుంటే, ఐదు వేల మీటర్ల పైనున్న శిఖరం మీద పట్టపగలే సున్నాకు దిగువ.

క్యాంపు ఎంపికలో ప్రాణాల మీదికి తెచ్చేది ఇంకొకటి ఉంది, పైనుంచి పడే రాయి. పడమటి వైపు వెస్టర్న్ బ్రీచ్ అనే దారి యారో గ్లేసియర్ క్యాంపు మీదుగా నేరుగా అగ్నిబిలంలోకి ఎక్కుతుంది. 2006 జనవరిలో అక్కడ రాళ్లు దొర్లి ముగ్గురు అమెరికన్ యాత్రికులు చనిపోయారు. దారి మూసేసి, తర్వాత మళ్లీ తెరిచారు. రాత్రి మంచు బిగబట్టి ఉంచిన రాళ్లు ఎండెక్కగానే వదులవుతాయి. రోజులు మిగులుతాయనో, అగ్నిబిలంలో పడుకోవచ్చనో ఈ దారి అంటగట్టే కంపెనీకి దండం పెట్టి రావడమే నయం. అక్కడి క్రేటర్ క్యాంపు ఎత్తు 5,700 మీటర్ల పైమాటే. ఆ ఎత్తున మనిషికి బాగోకపోతే, నడిపించో మోసో దింపడం తప్ప ఇంకో దారి ఉండదు.

తలనొప్పి కొంచెం ఉంటే ఆగి చూడొచ్చు. నడక తూలడం, మాట తికమక, కూర్చున్నా ఆయాసం, ఈ మూడింట్లో ఏది కనిపించినా ఆ క్షణమే దిగాలి, తెల్లారేదాకా ఆగకూడదు. ముందు జాగ్రత్తగా ఎసిటజోలమైడ్ 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు అన్నది పెద్దలకు మామూలుగా ఇచ్చే మోతాదు. డాక్టరును అడిగే వేసుకోవాలి, సల్ఫా మందులు పడనివాళ్లు మరీను.

ఇక శిఖరం రాత్రి. బరాఫు నుంచి ఎక్కాల్సింది 1,222 మీటర్లు, ఏడు గంటలు వేసుకుంటే గంటకు 175. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కితే పెరిగే ఎత్తు దాదాపు 700 మీటర్లు. అంటే అలిపిరి కాలిబాట ఒకటిన్నర రెట్లకు పైన, సగం గాలితో, గడ్డకట్టే చలిలో, చీకట్లో. చాలామంది ఈ లెక్క చూసుకుంటారు. ఆ తర్వాతి లెక్క చూసుకోరు. అదే రోజు శిఖరం నుంచి 3,100 మీటర్ల ఎత్తున్న మ్వేకా క్యాంపుకు దిగాలి, అంటే 2,795 మీటర్లు. మోకాళ్లు అరిగేది ఇక్కడే. దారిలో 3,820 దగ్గర మిలీనియం క్యాంపు ఉంది. అక్కడ ఆగితే ఆ రోజు దిగేది 2,075 మీటర్లే, మిగిలిన 2,180 మర్నాడు మ్వేకా గేటుకు. నలభై దాటినవాళ్లు, మోకాళ్ల మీద నమ్మకం లేనివాళ్లు బుకింగ్ రోజే ఈ ముక్క కాగితం మీద రాయించుకోవాలి. గైడుకూ కూలీలకూ ఎంత తొందరగా కిందికి చేరితే అంత తొందరగా ఇల్లు, అందుకని పైన అడిగితే మ్వేకాకే పదమంటారు.