ఇంటిపేరు తెగిన చోట తండ్రి పేరే ఆధారం

ఫ్రెంచి రికార్డుల్లో తెలుగు పూర్వీకులను గుర్తించే తీరు

కమలాపురం: పూర్వీకుల ఆచూకీ వెతికేవారికి తెలుగునాట తొలి ఆధారం ఇంటిపేరు. కమలాపురం నుంచి వేరొక ఊరికి వెళ్లి స్థిరపడిన కుటుంబాన్ని అక్కడివారు 'కమలాపురం వారు' అని పిలవడం, కాలక్రమంలో అదే ఇంటిపేరుగా నిలిచిపోవడం పరిపాటి. ఫ్రెంచి వలస రాజ్యానికి తరలిన తెలుగువారి విషయంలో మాత్రం ఈ ఆధారం చాలాచోట్ల తెగిపోయింది.

ఫ్రెంచివారికి రాయలసీమ కొత్త కాదు. 1751లో బుస్సీ సేనల అండతో హైదరాబాదుకు సాగుతున్న ముజఫర్ జంగ్, రాయచోటి సమీపంలోని లక్కిరెడ్డిపల్లె వద్ద కడప, కర్నూలు నవాబుల తిరుగుబాటులో హతుడయ్యాడు. అయితే ఫ్రెంచి సైన్యం ఈ దారిన సాగిపోయిందే తప్ప ఇక్కడ పాలన నెలకొల్పలేదు. 1800లో కడప ప్రాంతం ఈస్టిండియా కంపెనీ వశమైంది. అందుచేత ఫ్రెంచి జనన, వివాహ, మరణ రిజిస్టర్ల కోసం తెలుగువారు ప్రధానంగా 1954 వరకు ఆ పాలనలో ఉన్న యానాం వైపు, ఆపై సముద్రాల కావల ఉన్న రీయూనియన్ దీవి వైపు చూడవలసి ఉంటుంది.

పేరు మారిన విధం

1848లో బానిసత్వం రద్దయిన తరువాత రీయూనియన్ చెరకు తోటలకు భారతీయ కూలీలను ఒప్పందంపై తరలించారు. పుదుచ్చేరి, కారైకాల్‌తో పాటు యానాం నుంచీ ఓడలు వెళ్లాయి. అక్కడి గుమాస్తాలు కూలీ పేరు, తండ్రి పేరు, వరుస సంఖ్య రాసుకున్నారు. ఇంటిపేరు, గోత్రం వారికి అక్కరలేదు. తరువాతి తరంలో ఆ వ్యక్తి పేరో, తండ్రి పేరో వంశనామంగా స్థిరపడింది. రామసామి, వింగడసామి వంటివి నేడు ఆ దీవిలో ఇంటిపేర్లు. వాటి ముందు క్రైస్తవ నామం ఉండటమూ సాధారణమే.

1881 నాటి ఫ్రెంచి ఉత్తర్వు మరో మార్పు తెచ్చింది. స్వీయ ఆచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి పౌర చట్టాన్ని స్వీకరించిన భారతీయులు వంశపారంపర్యంగా నిలిచే పేరొకటి ఎంచుకోవాలి. పుదుచ్చేరి న్యాయవాది పొన్నుతంబి పిళ్లై 'లాపోర్త్' అయ్యింది ఇలాగే.

వెతికేటప్పుడు గమనించాల్సినవి

తెలుగు స్త్రీ వివాహానంతరం భర్త ఇంటిపేరుతో చెల్లుబాటవుతుంది. ఫ్రెంచి పత్రాల్లో మాత్రం ఆమె పుట్టినింటి పేరుతోనే నమోదవుతుంది. వివాహ పత్రంలో వధూవరుల తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి కనుక ఒక్క పత్రంతో రెండు తరాలు తెలుస్తాయి. మనవడికి తాత పేరు పెట్టే ఆచారం వల్ల ఒకే పేరు తరం విడిచి తరం కనిపిస్తుంది. వయసు, తల్లి పేరు సరిచూడకుంటే తాతను మనవడిగా పొరబడే ప్రమాదం ఉంది. ఫ్రెంచి ఉచ్చారణకు తగ్గట్టు పేర్ల వర్ణక్రమమూ మారింది కనుక ఒకే పేరును పలు రూపాల్లో వెతకాలి.

కాలనీల రిజిస్టర్ల ప్రతి ఒకటి ఫ్రాన్సుకు పంపాలని 1776లోనే శాసనం వెలువడింది. ఆ ప్రతులు నేడు ఎక్స్-ఆన్-ప్రోవాన్స్‌లోని జాతీయ సముద్రాంతర ప్రాంతాల ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. యానాం పాత రిజిస్టర్లను ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడవచ్చు. పదేళ్లకొకసారి తయారుచేసిన పేర్ల పట్టికలతో వెతుకులాట ఆరంభించడం సులువు. రీయూనియన్ వలస కూలీల రికార్డులు సెయింట్ డెనిస్‌లోని అక్కడి ఆర్కైవ్స్‌లో లభిస్తాయి.

ఈ అన్వేషణ కేవలం కుతూహలానికి పరిమితం కాదు. 1962 ఆగస్టు 16న విలీన ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు యానాం వంటి ప్రాంతాల్లో పుట్టి అక్కడే నివసిస్తున్నవారికి ఫ్రెంచి పౌరసత్వం కోరుకునేందుకు ఆరు నెలల గడువిచ్చారు. అలా కోరుకున్నవారి వారసులు తమ పౌరసత్వాన్ని రుజువు చేసుకోవాలన్నా, పత్రాల్లోని పేర్లు ఒకే వ్యక్తివని చూపవలసి వస్తుంది. ఇక దీవి నుంచి పూర్వీకుల ఊరు వెతుక్కుంటూ వచ్చేవారి చేతిలో ఉండేది తండ్రి పేరు, ఓడ పేరు, వరుస సంఖ్య. వాటికి జత కుదిరే ఇంటిపేరు, గోత్రం ఇక్కడి పెద్దల జ్ఞాపకంలోనే ఉండవచ్చు. వాటిని ఇప్పుడే రాసి ఉంచుకోవడం ఇరువైపుల కుటుంబాలకూ మేలు.